అడుగకమున్నే అందిన క్షమ: ‘ది కైట్ రన్నర్’ నవలపై స్మారకోపన్యాసము

ఏ ఆచార్యుని స్మృత్యర్థము మనమిచట కూడితిమో ఆయనకు నవలాపఠనము కాలక్షేపము కాదు, ఆత్మపరీక్ష. కావుననే నేటి ప్రసంగమునకు బాల్యస్నేహమును, దానికి జరిగిన ద్రోహమును, ఆ ద్రోహమునకు వెదకికొనిన ప్రాయశ్చిత్తమును ఇతివృత్తముగాగల ‘ది కైట్ రన్నర్’ అను నవల నెన్నుకొంటిని. గ్రంథకర్తయగు ఖాలిద్ హుస్సేనీ 1965లో కాబూలు నగరమున జన్మించి, దౌత్యోద్యోగియైన తండ్రి వెంట పారిస్ చేరి, సోవియట్ సేనలు స్వదేశము నాక్రమింపగా తిరిగిపోవు దారి మూసికొనిపోయి, 1980లో అమెరికాలో ఆశ్రయము పొంది, వైద్యవృత్తిలో నుండగనే ఈ నవలను వ్రాసెను. 2003లో ఇది వెలువడినది.

కథ మీలో పలువురికి తెలిసినదే. వజీర్ అక్బర్ ఖాన్ పేటలోని ఒక సంపన్న పష్తూన్ గృహమున అమీర్ పుట్టెను. ఆ ఇంటి తోటచివర మట్టిగుడిసెలో, సేవకుడగు అలీ కుమారుడుగా, హసన్ పుట్టెను. ఒకే దాది స్తన్యము త్రాగి పెరిగిన ఈ బాలురలో ఒకడు సున్నీ, వేరొకడు షియా. ఒకడు పాలకజాతివాడు, వేరొకడు పందొమ్మిదవ శతాబ్ద్యంతమున అబ్దుర్ రహమాన్ ఖాన్ ఏలుబడిలో ఊచకోతకును దాస్యమునకును గురియైన హజారా జాతివాడు. చెలిమి సమానుల నడుమనేగాని చెల్లదని ద్రుపదుడు ద్రోణునితో నిండుకొలువున పలికి అపకీర్తి మూటగట్టుకొనెను. అమీర్ ఆ మాటను పైకి పలుకలేదు, లోలోన అనుకొనెను. వారిద్దరిలో ఎవడు ఎక్కువ దోషియో నిర్ణయించుట నాకు సులభముగా తోచదు.

కొండమీది శ్మశానమున దానిమ్మచెట్టు నీడలో ‘షానామా’లోని రుస్తుం సొహ్రాబుల గాథను అమీర్ చదువుచుండగా చదువురాని హసన్ చెవియొగ్గి వినుచుండెడివాడు. ఒకనాడు అమీర్, నేను తినుమన్నచో మట్టి తిందువా యని యడుగగా, హసన్ తప్పక తినెదనని చెప్పి, అట్టిపని నీవు నన్ను అడుగుదువా యని మెల్లగా ఎదురుప్రశ్న వేయును. నవల సర్వస్వమును ఈ చిన్న సంభాషణలో ఇమిడియున్నదని నా అభిప్రాయము. విశ్వాసము అనునది ఒకని గుణముగా మనము మెచ్చుకొందుము. కాని దానిని ఎంతదూరము వాడుకొనవచ్చునో నిర్ణయించువాడు వేరొకడు గదా! తాను పరీక్షించుచున్నాననుకొనిన అమీర్, ఆ ఒక్క ప్రశ్నతో తానే పరీక్షకు నిలువవలసినవాడయ్యెను.

1975 శీతకాలమున గాలిపటముల పందెము జరిగెను. సంక్రాంతినాడు హైదరాబాదు మిద్దెలపై మాంజాతో వ్రేళ్లు కోసికొనిన వారికి ఈ క్రీడను నేను వివరింపనక్కరలేదు. కట్టకడపట తెగిన పటమును తెచ్చినవానికి అక్కడ గొప్ప గౌరవము. ఆ నీలిపటమును అమీర్ కొరకు పట్టి తెచ్చుచున్న హసన్ ఒక సందులో ఆసెఫ్ అను దుర్మార్గునకును వాని తోడివారికిని చిక్కెను. పటము నిచ్చివేసి పోవచ్చుననినను ఈయలేదు. ఘోరమైన అత్యాచారమునకు గురియయ్యెను. గోడచాటునుండి చూచిన అమీర్ నోరు మెదపక పారిపోయెను. భయముచేత పారిపోయినానని మొదట చెప్పుకొనినను, తండ్రి ప్రేమకు ఆ పటము మూల్యమనియు, హసన్ ఆ మూల్యములోని భాగమనియు తాను తలంచినట్లు తానే ఒప్పుకొనును. పుట్టుకతోనే చీలిన హసన్ పెదవిని ఢిల్లీనుండి వచ్చిన వైద్యుడు కుట్టి సరిచేసినది అంతకు ముందటి శీతకాలముననే. నవ్వుటకు అనువైన పెదవి వచ్చినది, నవ్వు పోయినది.

విమర్శకులు ఆ సందులోని పిరికితనమునే అమీర్ మహాపరాధముగా గణించుచుందురు. నేను అట్లు గణింపను. పండ్రెండేండ్ల పిల్లవాడు భయపడుట క్షంతవ్యమే. అసలు అపరాధము తరువాతిది. తన్ను కొట్టుమని, తిట్టుమని కోరుచు అమీర్ దానిమ్మపండ్లతో హసన్‌ను వరుసగా కొట్టగా, హసన్ ఒక పండును తీసి తన నుదుటనే చిదిమికొని వెడలిపోవును. శిక్షింపుమని ప్రాధేయపడినను శిక్షింపనివాని ఎదుట అపరాధి నిలువలేడు. అట్టివానిని కనుమరుగు చేయుటొక్కటే వానికి తోచు ఉపాయము. కావుననే అమీర్ తన జన్మదినమున కానుకగా వచ్చిన చేతిగడియారమును, కొంత సొమ్మును హసన్ పరుపుక్రింద దాచి దొంగతనము మోపెను. అమీర్ తండ్రియగు బాబా అడుగగా హసన్, తానే తీసితినని ఒప్పుకొనెను. సందులో జరిగినదంతయు తాను చూచిన సంగతి హసన్‌కు తెలియుననియు, తెలిసియు తన్ను కాపాడుచున్నాడనియు అమీర్ గ్రహించినది ఆ క్షణముననే. అడుగకమున్నే అందిన ఆ క్షమయే ఇరువదియైదేండ్లు వానిని దహించినది.

తండ్రియగు బాబా వృత్తాంతము ఇంతకంటె చిత్రమైనది. పాపమనునది ఒక్కటే, అది దొంగతనమనియు, అబద్ధమాడుటయు ఎదుటివాని సత్యమును అపహరించుటయే యనియు కొడుకునకు బోధించిన ఆ మహాపురుషుడే హసన్‌కు జనకుడనియు, ఆ సత్యమును ఇద్దరు కొడుకులనుండియు అపహరించెననియు 2001లో పెషావరున తండ్రి స్నేహితుడగు రహీంఖాన్ చెప్పగా, అమెరికానుండి వచ్చిన అమీర్ వినును. బాబా కట్టించిన అనాథాశ్రమము మొదలగు ధర్మకార్యములన్నియు పశ్చాత్తాపమునుండి పుట్టినవేనని రహీంఖాన్ సమాధానపరచును. ఇచట నాకొక ఆక్షేపణ కలదు. హసన్ సోదరుడు కాకున్నచో అమీర్ ఋణము తగ్గియుండెడిదా? రక్తసంబంధము బయటపడిన పిదపనే కర్తవ్యము తప్పించుకొనరానిదైనట్లు తోచుట స్నేహమునకు గౌరవము కాదు.

రెండవ ఆక్షేపణ ఇంకను పెద్దది. హసన్ దంపతులను తాలిబాన్లు కాల్చిచంపగా అనాథయైన వారి కుమారుడు సొహ్రాబును తెచ్చుటకు కాబూలు వెళ్లిన అమీర్‌కు, ఆ బాలుని చెరపట్టినవాడు పాత ఆసెఫే ఎదురగుట, పూర్వము ఉండేలుతో హసన్ చేసిన బెదిరింపును సొహ్రాబు ఉండేలు నెరవేర్చుట, దెబ్బలకు అమీర్ పైపెదవి చీలుట, ఇవియన్నియు వడ్డీతో సహా లెక్క తేల్చిన షావుకారు చిట్టావలె నున్నవి. దెబ్బలు తినుచు అమీర్ నవ్వెను. వాని మనసు తేలికపడెను. కాని ఒకని మనసు తేలికపడుటయే ప్రాయశ్చిత్తమగునా? రచయితకును ఈ సందేహము కలిగియుండవలెను. ఏలయన, తరువాత ఇస్లామాబాదున, అనాథాశ్రమమునకు పంపనని సొహ్రాబునకు ఇచ్చిన మాటను అమీర్ తొట్రుపడి కాదనును. ఆ బాలుడు స్నానపుతొట్టిలో మణికట్టు కోసికొనును. శత్రువు నెదిరించిన వీరుడే ఒక్క వాక్యముతో మరల ద్రోహి యయ్యెను. నవలను నిలబెట్టిన ఘట్టము ఇదియే. బ్రదికిన బాలుడు నెలల తరబడి మౌనము వహించెను. తండ్రి అడుగకయే క్షమించినాడు, కొడుకు ప్రార్థించినను పలుకడు.

హసన్ విశ్వాసమును గురించి ఒక మాట. దొంగతనపు నింద పిదప ఇల్లు విడిచిపోయి, పెద్దవాడై, చదువను వ్రాయను నేర్చి, బాబా ఇంటికి కావలిగా తిరిగివచ్చియు అతడు పెద్దయింట నుండుటకు సమ్మతింపక పాత గుడిసెలోనే కాపురముండెను. ఆ ఇంటిని విడువనన్నందుకే ప్రాణములు కోల్పోయెను. ఇది స్నేహమో, తరతరముల సేవకత్వము నేర్పిన అలవాటో నవల తేల్చి చెప్పదు. హసన్ హృదయమును మనము అమీర్ కన్నులతోడనే చూచుచున్నాము. ఇన్ని పుటలలో అతని సొంత గొంతు వినవచ్చునది ఒక్క జాబులోనే. నిందితుడే సాక్షియు రచయితయునైన కథ ఇది యని పాఠకుడు మరువరాదు.

కావున అమీర్ విముక్తిని నేను ఆసెఫ్ గదిలో వెదకను. అమెరికాలో, సాన్‌ఫ్రాన్సిస్కో నగరమున, తన ఇంటి విందుబల్లయొద్ద మామగారగు జనరల్ తాహేరీ, ఒక హజారా పిల్లవాడు ఇంట నేల యున్నాడని జనులు అడిగినచో నేమి చెప్పవలెనని ప్రశ్నించును. అప్పుడు అమీర్, తన తండ్రి పనివాని భార్యతో కూడెననియు, ఆమెకు పుట్టినవాడు హసన్ అనియు, ఈ బాలుడు అతని కొడుకనియు చెప్పి, ఇకమీదట తన ఎదుట వానిని హజారా పిల్లవాడని పిలువరాదని, వానికి పేరున్నదని నిష్కర్షగా పలుకును. ఆ పలుకుతో తండ్రి పరువు పోయినది, కులగౌరవము పోయినది. బాబా దాచిన సత్యమును కొడుకు మామగారి ఎదుట తిరిగి అప్పగించెను. ఆ సందులో పెగలని గొంతు ఇచట పెగలినది.