స్వావలంబన ఎవరి చాకిరీ?

అమెరికాలో నెవాడా రాష్ట్రపు బ్లాక్ రాక్ ఎడారిలో ఏటా 'బర్నింగ్ మ్యాన్' అనే కళల పండుగ జరుగుతుంది. 1986లో శాన్‌ఫ్రాన్సిస్కో సముద్రతీరాన మొదలై 1990లో ఈ ఎడారికి చేరింది. అక్కడ బజారు ఉండదు. మనిషికి రోజుకు సుమారు ఆరు లీటర్ల చొప్పున నీళ్లు ఎవరివి వాళ్లే మోసుకుపోవాలి. దిగగానే క్షారపు దుమ్ములో గుడారం గాలికి లేచిపోకుండా బిగించాలి, నీడ కట్టాలి, పొయ్యి అమర్చాలి. అంట్లు కడిగిన నీళ్లు సైతం నేలమీద పారబోయకూడదు, వెంట తీసుకుపోవాలి.

2004లో లారీ హార్వే రాసిన పది సూత్రాల్లో స్వావలంబన ఒకటి. మాట బాగానే ఉంది. కానీ నీళ్ల లెక్క, సరుకుల లెక్క మన ఇళ్లలో ఎవరు చూస్తారో మీకు చెప్పనక్కర్లేదు. శిబిరాల్లో వంటకీ అంట్లకీ వంతులు వేసుకునే పద్ధతి ఉంది. మంచిదే. అయితే వంతు మరిచినవాణ్ణి వెతికి పిలుచుకొచ్చే పని కాగితం మీద ఎవరి వంతుగానూ రాయరు!

2023 సెప్టెంబరు మొదట్లో వాన పడి నేలంతా జిగట బురదైంది. దాదాపు 70 వేల మంది చిక్కుకుపోయారు. తిండీ నీళ్లూ పొదుపుగా వాడుకోమన్నారు నిర్వాహకులు. డబ్బాల్లో ఎంత మిగిలిందో ఆ రాత్రి ఒక్కో గుడారంలో ఎవరిని అడిగి ఉంటారు? నేనైతే పరిశోధన అక్కణ్ణుంచి మొదలుపెడతాను.