యుద్ధానంతర జపాన్: స్టూడియోల వెలుపల సినిమా



స్వతంత్ర సినిమా అనగానే సొంత కథ, సొంత ఆలోచన అని మీకు తోచవచ్చు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత జపాన్ దర్శకులకు అంతకంటే పెద్ద చిక్కు ఒకటుండేది. తీసిన సినిమాను ఎక్కడ ఆడించాలి?

అక్కడ సినిమాలు తీసేదీ, పంపిణీ చేసేదీ, థియేటర్లను గుప్పిట్లో పెట్టుకున్నదీ కొన్ని పెద్ద కంపెనీలే. దర్శకులు, నటులు వాటితో ఒప్పందాలకు కట్టుబడి పనిచేసేవారు. 1948లో ఉద్యోగుల తొలగింపుకు నిరసనగా తోహో కార్మికులు స్టూడియోను ఆక్రమించుకున్నారు. జపాన్ అప్పటికి మిత్రరాజ్యాల ఆక్రమణలో ఉంది. ఆగస్టులో వారిని ఖాళీ చేయించడానికి పోలీసుల వెనుక అమెరికా ట్యాంకులు, విమానాలు కూడా వచ్చాయి! 1950లో వామపక్షవాదులన్న ముద్రతో మరెందరినో స్టూడియోలు బయటికి పంపాయి. వారిలో కొందరు ప్రజల చందాలతో, సంఘాల సాయంతో సినిమాలు మొదలుపెట్టారు.

కనెతో షిందో కథ కొంచెం వేరు. ఆయన రాసే కథలు మరీ చీకటిగా ఉన్నాయని షోచికు సంస్థకు అసంతృప్తి. 1950లో ఆయన దర్శకుడు కోజాబురో యోషిమురా, నటుడు తైజీ తోనోయామాలతో కలిసి కిందాయ్ ఐగా క్యోకాయ్ అనే సంస్థ పెట్టారు. ఉపాధ్యాయ సంఘం మద్దతుతో 1952లో 'హిరోషిమా పిల్లలు' తీశారు. షిందో హిరోషిమా ప్రాంతంవారే. అందులో బాంబు గాయాలున్నాయి గాని నినాదాలు లేవు. సంఘానికి అది చాలలేదు. 1953లో హిదెయో సెకిగావా దర్శకత్వంలో 'హిరోషిమా' తీయించింది. అమెరికాకు వ్యతిరేకంగా ఉన్న ఘట్టాలు తీసేస్తేనే పంపిణీ చేస్తామంది షోచికు. నిర్మాతలు ఒప్పుకోలేదు. చూశారా, చిక్కు మళ్లీ థియేటర్ దగ్గరికే వచ్చింది.

అదే ఏడాది అయిదు కంపెనీలు కూడబలుక్కుని, ఒకరి నటులను, దర్శకులను మరొకరు తీసుకోకూడదని కట్టడి చేసుకున్నాయి. తర్వాత థియేటర్లను తమ జంట చిత్రాలతోనే నింపసాగాయి. బయటివారికి ఖాళీ దొరికేది కాదు.

ఆ దశకం ముగిసేసరికి షిందో సంస్థ అప్పుల్లో మునిగింది. ఇదే చివరి సినిమా అనుకుని, కొద్దిమంది బృందంతో సెతో లోతట్టు సముద్రంలోని ఒక చిన్న దీవికి వెళ్లారు. 1960లో వచ్చిన 'నగ్న ద్వీపం' కథ మూడు ముక్కల్లో చెప్పవచ్చు. దీవిలో మంచినీళ్లు లేవు. భార్యాభర్తలు పక్క దీవి నుంచి పడవలో నీళ్లు తెచ్చి, కావడి మీద ఏటవాలు ఎక్కి, మొక్కమొక్కకూ పోస్తారు. ఒకసారి భార్య కాలుజారి బాల్చీ ఒలికిపోతుంది. భర్త చెంపమీద కొడతాడు. ఆ దెబ్బ నచ్చదు మనకు, నచ్చనక్కరలేదు కూడా. కాని ఒక్క బాల్చీ నీటి ఖరీదు అక్కడ తెలుస్తుంది.

సినిమాలో సంభాషణలు దాదాపు లేవు. కాబట్టి పరదేశాల్లో భాష అడ్డురాలేదు. 1961లో మాస్కో చిత్రోత్సవంలో చుఖ్రాయ్ చిత్రంతో కలిసి గ్రాండ్ ప్రి అందుకుంది. ఎన్నో దేశాలు కొనుక్కున్నాయి, సంస్థ నిలబడింది. సొంత థియేటర్లు లేని సంస్థకు ప్రేక్షకులు సముద్రం అవతల దొరికారు.

జపాన్‌లో సైతం 1961లోనే ఆర్ట్ థియేటర్ గిల్డ్ మొదలైంది. ముందు కళాత్మక చిత్రాలకు థియేటర్లు సమకూర్చి, తర్వాత ఖర్చులో వాటా పెట్టి సినిమాలు తీయించింది. షోచికును వదిలివచ్చిన నగిసా ఓషిమా 1968లో 'ఉరిశిక్ష' తీసింది ఆ పద్ధతిలోనే.

కట్టడి చేసుకున్న కంపెనీల్లో షింతోహో 1961లో, దాయెయ్ 1971లో దివాలా తీశాయి. షిందో చివరి చిత్రం 'పోస్ట్‌కార్డ్' జపాన్ థియేటర్లకు 2011లో వచ్చింది. దాన్ని నిర్మించింది కిందాయ్ ఐగా క్యోకాయే. అప్పటికి ఆయన వయసు 99.