చిత్రీకరణకు ముందే చిత్రము

ఐదు నిమిషముల లఘుచిత్రమును తీయబూనిన విద్యార్థులు, కెమెరాను చేతబట్టుటకు పూర్వమే కథను విడివిడి కాగితములపై బొమ్మలుగా గీసికొని, వానిని గోడపై వరుసగా నంటించి, అందఱును గూడి పరిశీలించుట ఎంతయు శ్రేయస్కరము. 1930 దశకారంభమున వాల్ట్ డిస్నీ చిత్రశాలలో రూపుదాల్చిన యీ పద్ధతికే స్టోరీబోర్డని పేరు. బెంగాలీ దర్శకుడు సత్యజిత్ రాయ్ తన ‘పథేర్ పాంచాలి’ చిత్ర దృశ్యములను ముందుగానే బొమ్మలపుస్తకమున చిత్రించుకొనెను; మన తెలుగు దర్శకులు బాపుగారును అట్లే గీసికొనెడివారు.

బొమ్మ సుందరముగా నుండనక్కఱలేదు. మనిషికి ఒక సున్నయు నాలుగు గీతలును చాలును. కెమెరా ఎచ్చట నిలుచునో, పాత్ర ఏ దిక్కునకు కదలునో, ఏ మాట వినబడునో క్రింద వ్రాయుటయే ముఖ్యము. రైలుస్టేషనులో తాతగారికై వేచియున్న బాలిక కథ యనుకొందము: గడియారము ముందుగా కనబడినచో ఆత్రము, బాలిక ముఖము ముందుగా కనబడినచో జాలి పుట్టును; ఎంత వాదించినను తేలని యీ భేదము కాగితములను తారుమారు చేసి చూచినంతనే స్పష్టమగును. మొగమాటముచే నోరు మెదపని విద్యార్థి సైతము లేచి యొక కాగితమును జరుపగలుగుట నాకు మిక్కిలి ప్రియమైన విషయము.

వరుస తేలిన పిదప, చిత్రీకరణకై, ఒకే స్థలమునకు చెందిన షాటుల (దృశ్యఖండముల) కాగితములను, కథాక్రమముతో నిమిత్తము లేకుండ, ఒకచోట జేర్చుకొని, తీసినదానిపై గుర్తు పెట్టుచు పోవలెను.