పసివారి రక్తపు క్యాన్సరు

పసివారి రక్తపు క్యాన్సరును అణచు మందు 1947కు పూర్వము లేకుండెను. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందము అమెరికాలో రూపొందించిన అమినోప్టెరిన్‌ను బోస్టను వైద్యుడు సిడ్నీ ఫార్బరు 16 మంది పిల్లలకిచ్చెను. పదిమందికి నెమ్మదించెను, కాని కొలది మాసములకే వ్యాధి తిరుగబెట్టెను. ఈ ఫలితము 1948లో ప్రకటితమైనది.

అందుచేతనే నేడు పెక్కు మందులు కలిపి 2, 3 ఏండ్లు ఇత్తురు. చిక్కంతయు ఇచ్చటనే. జ్వరము తగ్గి బిడ్డ ఆడుకొనగానే నయమైనదని ఇంటివారు తలతురు. నడుమ మానినచో వ్యాధి మరల వచ్చును. మానుటకు కారణము అజ్ఞానమొక్కటే కాదు. విజయనగరమునుండి విశాఖ అగనంపూడి ఆసుపత్రికి పోయిననాడెల్ల తండ్రికి కూలి పోవును. తల్లి బిడ్డచెంత నుండును. రెండవ పిల్లవాడు ఇంట ఒంటరియగును. మందు ఉచితమైనను ఈ ఖర్చు ఏ పద్దునందును చేరదు. లెక్కలు వ్రాయువాడను గనుక చెప్పుచున్నాను. ఆ యింటి మడికి నీరెవరు పెట్టుదురు, రెండవవానికి అన్నమెవరు పెట్టుదురు అను సంగతిని బండి కదలకముందే వీధివారు మాటలాడుకొనవలెను.