పొడుగైన ఇంగ్లీషు మాటలు: ఊనిక



గుంటూరునకును చిలకలూరిపేటకును నడుమ జాతీయ రహదారిపై ఎడ్లపాడను గ్రామము కలదు. శ్రీనాథుడు విద్యాధికారిగా నుండిన కొండవీడు దానికి చేరువనే యున్నది. నేటి ప్రసంగమునకు ఆ గ్రామము పేరే చక్కని ఉదాహరణము. వ్రాయునపుడు అది ఎ, డ్ల, పా, డు. పలుకునపుడు డకారము వెనుకకు చేరి ఎడ్, ల, పా, డు అగును. అందుచేతనే ఛందస్సులో మొదటి ఎకారము గురువైనది. కంటికి కనబడు విభాగము వేఱు, చెవికి వినబడు విభాగము వేఱు అని మన లాక్షణికులు ఏనాడో గ్రహించిరి.

ఇంగ్లీషు మాటలకును ఇట్టి విభాగము కలదు. 'ఎగ్జామినేషన్' అనుదానిని ఎగ్, జా, మి, నే, షన్ అని ఐదు ముక్కలు చేయవచ్చును. ఇంతవఱకు మన పిల్లలకు కష్టము లేదు. చిక్కు తరువాత వచ్చును. మనము ప్రతి ముక్కకును మాత్రల కొలది కాలమిచ్చి, అన్నిటిని సమానబలముతో పలుకుదుము. ఆంగ్లేయులు 'నే' పై ముఖ్యమైన ఊనికను, 'జా' పై కొంచెముగను ఉంచి, తక్కినవానిని తేలికగా దాటుదురు. మన గురువు కాలమును బట్టినది. వారి ఊనిక బలమును బట్టినది. ఒక మాటలో గురువులెన్నియైన నుండవచ్చును. ముఖ్యమైన ఊనిక మాత్రము ఒక్కటియే.

అది తప్పినచో నష్టమేమి యందురా? వినువారు మాటను గుర్తించుటకు ఆ ముక్కయే పెద్ద ఆధారము. పల్లెటూరి బడిలో చదివిన బాలుడు ఉద్యోగమునకై పెద్దల యెదుట నిలిచి, వ్యాకరణము తప్పక మాటలాడియు, "ఏమంటివి?" అని మరల మరల అడిగించుకొని బెదరిపోవుట కలదు. అది తెలివి లోపము కాదు, ఊనిక లోపము.

దీనికి ఉపాయము మాట తుదను చూచుటయే. 'షన్' అని ముగిసినచో దాని ముందటి ముక్కపై ఊనుడు: ఎడ్యుకేషన్‌లో 'కే'. 'ఇక్' అని ముగియువానిలో పెక్కింటికి తుదిముక్కకు ముందుదానిపై: ఎలెక్ట్రిక్‌లో 'లెక్'. 'ఇటి' అని ముగిసినచో తుదినుండి మూడవదానిపై: ఎలెక్ట్రిసిటిలో 'ట్రి', యూనివర్సిటిలో 'వర్'. ఒకే ధాతువు నుండి పుట్టినను ఊనిక ఎట్లు కదలినదో చూచితిరా! అరిత్మెటిక్ వంటివి ఈ సూత్రమునకు లొంగవు. అందు ఊనిక 'రిత్' పై నుండును. అట్టివానికి నిఘంటువే శరణ్యము. 1917లో డేనియల్ జోన్సు ప్రకటించిన ఉచ్చారణ నిఘంటువు మొదలుకొని నేటివఱకు అట్టి గ్రంథములలో ఊనికకు గుర్తు వేయుచున్నారు.

ఉపాధ్యాయులకొక మనవి. క్రొత్తమాటను నల్లబల్లపై వ్రాసినపుడే ముక్కలు విడదీసి, ఊనిక గలదాని క్రింద గీత గీయుడు. పరుల యాసను అనుకరింప నక్కఱలేదు. పద్యమునకు గణవిభాగము చేయనేర్చిన బాలునకు ఇది అసాధ్యమైన విద్య కాదు.