సాక్ష్యంలో సమతూకం

ప్రశంసలన్నీ అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స)పై శాంతి, శుభాలు వర్షించుగాక!

ధార్మిక సోదరులారా! ఒకరి జీవితచరిత్ర తెలుసుకోవాలంటే మన తొగుట పిల్లలు కూడా నేడు సెల్‌ఫోనులో వికీపీడియా తెరుస్తున్నారు. అందులో ఎవరైనా వ్రాయవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు. కనుక అక్కడ వ్రాసే ప్రతి వాక్యమూ సాక్ష్యమే.

ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ చరిత్రనే చూడండి. ఆయన పాలనలో 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం వెలసింది, 1931లో నిజాంసాగర్ పూర్తయింది. ఆయన పాలనలోనే 1948 ఆగస్టు 27న, నేడు మన సిద్దిపేట జిల్లాలో ఉన్న భైరాన్‌పల్లిలో, రజాకార్లు, నిజాం బలగాలు గ్రామస్థులను ఊచకోత కోశారు. అభిమాని ఊచకోతను చెరిపివేస్తాడు, ద్వేషి విశ్వవిద్యాలయాన్ని చెరిపివేస్తాడు. ఇద్దరూ సాక్ష్యాన్ని దాచినవారే.

న్యాయమైన సాక్ష్యం తల్లిదండ్రులకు వ్యతిరేకమైనా చెప్పాలని నిసా సూరా 135వ ఆయత్ బోధిస్తుంది. ఒక జాతిపై ద్వేషంతో న్యాయం తప్పరాదని మాయిదా సూరా 8వ ఆయత్ హెచ్చరిస్తుంది. ఇమామ్ బుఖారీ గురువు అలీ ఇబ్నుల్ మదీనీ, హదీసు ఉల్లేఖనంలో తన కన్నతండ్రి బలహీనుడని దాచకుండా చెప్పారు.

మరణించినవారిని దూషించరాదు కదా అని కొందరు అడుగుతారు. నిజమే. అయితే దూషణ వేరు, ప్రజాజీవితంలో జరిగినదానికి సాక్ష్యం పలకడం వేరు. ఇంటిగుట్టు రట్టు చేయడం గీబత్, లేనిది కల్పించడం బుహ్తాన్. రెండూ నిషిద్ధాలే.

సమతూకమంటే పది పొగడ్తలకు పది తెగడ్తలు జతచేయడం కాదు. జరిగినదానికి తగినంత చోటివ్వడం, ఆధారం చూపడం. వార్తను విచారించి నిర్ధారించుకోమన్న హుజురాత్ సూరా 6వ ఆయత్ ఆదేశం ఇదే. జీవించి ఉన్నవారి విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఒక్క అపవాదు వారి బ్రతుకునే కూల్చగలదు.

సోదరులారా! పోలీసు చర్య అనంతరం ముస్లింలపై జరిగిన హత్యాకాండను సుందర్‌లాల్ బృందం నమోదు చేసింది. ఆ నిజం చరిత్రలో నిలవాలని కోరే మనం భైరాన్‌పల్లిని దాచగలమా? రజాకార్లను విమర్శించిన ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లా ఖాన్ అదే ఆగస్టులో హత్యకు గురయ్యారు. ఆయనా ముస్లిమే.

మన వ్రేళ్లు వ్రాసినదీ, చెరిపినదీ ప్రళయదినాన మన ముందుకు వస్తుంది. ఓ అల్లాహ్! ప్రేమలోనూ, కోపంలోనూ సత్యమే పలికే భాగ్యాన్ని మాకు ప్రసాదించు. ఆమీన్.