‘స్టాండు’ అనే మాట
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఉగాది సభలో ఇంగ్లీషు మాటను గురించి ప్రసంగమేమిటి అని మీలో కొందరికి తోచవచ్చును. కార్యవర్గమువారు నన్నడిగినప్పుడు నాకూ అలాగే తోచింది. పంచాంగ శ్రవణానికీ, పిల్లల పాటలకూ మధ్య అరగంట ఖాళీ ఉన్నది, ముప్పైరెండేళ్లు ఇంగ్లీషు మేష్టరుగా ఉన్నారు గదా, ఏదో ఒకటి మాట్లాడండి అన్నారు. సరే, మనమందరమూ, చదువుకున్నవారూ చదువుకోనివారూ, రోజూ నోటితో అనే మాటనే పట్టుకుందామని ‘స్టాండు’ను ఎంచుకున్నాను. ఈ సభకు పొరుగూళ్లనుంచి వచ్చినవారిలో సగంమంది ఆ మాట అనకుండా ఇక్కడికి చేరి ఉండరు. మాట్టుతావణి స్టాండులో దిగినవారు కొందరు, ఆరప్పాళయం స్టాండులో దిగినవారు కొందరు.

ముందుగా మాట్టుతావణి పేరు సంగతి ఒకటి చెప్పి ముందుకు పోతాను. ఆంధ్రదేశంనుంచి కొత్తగా వచ్చిన చుట్టాలు ఈ పేరు విని నవ్వుతారు. దావణి అంటే వారికి ఆడపిల్లల ఓణీయే. మాడు అంటే తమిళంలో పశువని ఎవరో చెబుతారు. ఇంకేమున్నది, మీ ఊళ్లో ఆవులకు ఓణీలు వేస్తారా అని అడుగుతారు. ఇక్కడి దావణి అది కాదు. పశువులను వరుసగా కట్టే పొడుగాటి తాడు ఉన్నదే, మన పాత తెలుగులో దామెన అంటారు, అది. తాడుమీదుగా ఆ పేరు పశువులు కట్టి ఉన్న చోటికీ, పశువుల సంతకూ వచ్చింది. అలాంటి సంతచోట 1999లో పెద్ద బస్ స్టాండు కట్టారు, తరువాత ఎం.జి.ఆర్. గారి పేరు పెట్టారు, అయినా జనం నోట మాట్టుతావణి మాట్టుతావణిగానే నిలిచింది. ఎద్దులు నిలిచిన చోట ఇప్పుడు బస్సులు నిలుస్తున్నవి.

ఇక మన మాటకు వద్దాము. ఇంగ్లీషులో ఏ మాటకు ఎక్కువ అర్థాలున్నవి అని పిల్లలు అడిగేవారు. ఆక్స్‌ఫర్డు మహానిఘంటువు 1928లో పూర్తయినప్పుడు అందులో ‘సెట్’ అనే మాటది అన్నిటికంటె పొడుగైన వ్యాసము. ఇప్పుడు ‘రన్’ దానిని దాటిపోయింది. ‘రన్’ అనే క్రియ ఒక్కదానికే 645 అర్థాలు లెక్కకు వచ్చినవని 2011లో ఆ నిఘంటువువారు చెప్పారు. పరుగెత్తే మాట గెలవడంలో వింత లేదు. ‘స్టాండు’ పాపం నిలుచున్నచోటనే నిలుచున్నది. కాని నిలుచున్నదని దానిని తక్కువగా చూడకండి.

మన ఇంట్లోనే చూడండి. వంటింట్లో ఇడ్లీ స్టాండు, పళ్లేల స్టాండు. వాకిట్లో సైకిలుకు స్టాండు. దానిని తీసుకుపోయి వదిలే చోటు సైకిల్ స్టాండు. అంటే స్టాండు వేసి స్టాండులో పెట్టి వస్తాము. ఇందులో మొదటిది ఇనుప ముక్క, రెండవది స్థలము. మోటారు సైకిలుకైతే సైడు స్టాండు ఒకటి, సెంటర్ స్టాండు ఒకటి. ఆస్పత్రిలో మంచం పక్కన సెలైను సీసా వేలాడే స్టాండు. క్రికెట్టు మైదానంలో జనం కూర్చునే చోటు స్టాండు. కూర్చునేదానికి నిలుచునే పేరేమిటో! ఇద్దరు బాట్స్‌మన్లు కదలకుండా ఆడి పరుగులు కూడబెడితే అదీ స్టాండే. ఇంగ్లండులో ఎన్నికలకు మనిషి ‘నిలుస్తాడు’, అమెరికాలో అదే మనిషి ‘పరుగెత్తుతాడు’. మనం ఇంగ్లండు దారిలోనే ఎన్నికలలో నిలబడ్డాడంటాము. కోర్టులో ముద్దాయి విచారణకు నిలుస్తాడు. పాతకాలపు ఇంగ్లీషు కథలలో ఒకడు ఇంకొకడికి కాఫీ ‘నిలుస్తాడు’, అంటే డబ్బులు తాను ఇస్తాడన్నమాట. అటువంటి నిలబడేవారు మన సంఘంలో ఇంకా ఎక్కువమంది ఉంటే బాగుండును.

ఇవన్నీ నామవాచకమో, తేలిక క్రియో. అసలు చిక్కు ఆ మాట పక్కన చిన్న చిన్న తోకలు చేరినప్పుడు వస్తుంది. ‘స్టాండ్ ఫర్’ అంటే ఒకదానికి బదులుగా ఉండడమూ అవుతుంది, ఒక పక్షాన నిలవడమూ అవుతుంది. ‘స్టాండ్ బై’ ఇంకా విచిత్రము. కష్టంలో ఉన్నవాడిని వదలకుండా పక్కన నిలిచినా స్టాండ్ బై. వాడు కొట్టుకుపోతూ ఉంటే చేతులు కట్టుకుని చూస్తూ నిలిచినా స్టాండ్ బై. మనిషి మనసులో ఏమున్నదో మాట చెప్పదు. ‘అండర్‌స్టాండ్’ సంగతి చెప్పనే వద్దు. కింద నిలుచోవడం అని ముక్కలు విరిస్తే వస్తుంది. అర్థం మాత్రం గ్రహించడము. ఎవరి కింద ఎవరు నిలుచుంటే గ్రహించారో పిల్లలు అడిగితే నేను ఆ ప్రశ్నను మరుసటి రోజుకు వాయిదా వేసేవాణ్ణి.

ఇంతకూ ఈ మాట మనకు అంత పరాయిదేమీ కాదు. సంస్కృతంలో ‘స్థా’ అనే ధాతువూ, ఇంగ్లీషులో స్టాండూ, లాటిన్‌నుంచి వచ్చిన స్టేషనూ, స్టేటూ, ఇవన్నీ ఒక్క మూలంనుంచి పుట్టినవని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. స్థానము, స్థితి, స్థిరము, సంస్థ, ఆస్థానము అన్నీ ఆ కుటుంబములోనివే. కనుక బస్ స్టాండుకూ, తిరుమల నాయకుని ఆస్థానానికీ చుట్టరికమున్నది! 1529 ప్రాంతంలో విశ్వనాథ నాయకుడు మధురకు వచ్చిన కాలంనుంచి మనవారు ఇక్కడ వేళ్లూనుకున్నారు. తిరుమల నాయకుడు 1636లో కట్టించిన మహలు నేటికీ నిలిచి ఉన్నది. విజయరంగ చొక్కనాథుని కాలంలో సముఖం వెంకటకృష్ణప్ప నాయకుడు జైమిని భారతాన్ని తెలుగు వచనంలో రాశాడు. తెలుగు వచనం ఇంత దక్షిణాన పెరిగిందని మన పిల్లలకు ఎవరూ చెప్పరు. చెప్పినా ఆ వచనం చదవడానికి అక్షరాలు రావు. ఇది పెద్ద కథ, ఇప్పుడు ఎత్తుకుంటే భోజనాలవేళ దాటుతుంది.

మన సొంత మాట ‘నిలుచు’. తమిళంలో ‘నిల్’ దీనికి తోబుట్టువు. స్టాండు బోర్డుమీద తమిళంలో రాసే ‘నిలైయం’ చదివినప్పుడల్లా మనకు సొంతమాటలా తోచడానికి కారణమదే. ఇంగ్లీషువాడి స్టాండును చూసి ఔరా అనుకునే మనము నిలుచు పిల్లలను ఎప్పుడైనా లెక్కపెట్టామా? కొట్టు లెక్కలలో చేతి నిలవ. జాడీలో నిలవ పచ్చడి. వాన తరువాత వీధిలో నిలవ నీరు. గోడకు నిలువుటద్దము. తిరుపతి మొక్కులో నిలువు దోపిడి, అంటే ఒంటిమీద ఉన్న నగలన్నీ ఉన్నవి ఉన్నట్టుగా హుండీలో వేయడము. తప్పు చేసినవాణ్ణి నిలదీస్తాము. ఇచ్చిన మాట నిలబెట్టుకుంటాము. ఉద్యోగంలో నిలకడ లేని అల్లుణ్ణి చూసి బాధపడతాము. గాలివానకు గుడిసె నిలిచిందా అంటాము. జబ్బు మనిషిని చూసివచ్చి ప్రాణం నిలుస్తుందా అంటాము.

ఈ చివరి మాట దగ్గర నేను కొంచెం ఆగవలసియున్నది. ప్రసంగంలో సొంత సంగతులు తేవడం మర్యాద కాదని నాకు తెలుసు. మీరందరూ ఇంటివారివంటివారు గనుక చెబుతున్నాను.

1968లో మా అమ్మకు కడుపులో జబ్బు చేసి ఒక ఆస్పత్రిలో చేర్చాము. ఒక ఆపరేషను అయింది. వారమైనా జ్వరం తగ్గలేదు. మా ఇంట్లో ఇంగ్లీషు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే, పి.యు.సి. ప్యాసై ఆరు నెలలు కాలేదు. డాక్టరుగారిని తమిళంలో అడిగి ఉండవచ్చును, ఆయన తమిళంలోనే చెప్పి ఉండేవారు. కాని నేను ఇంగ్లీషులో అడిగాను. మా మామా, పినతండ్రీ వెనుక నిలుచుని ఉన్నారు. వారి ముందు ఇంగ్లీషు మాట్లాడాలని నా ఆరాటము. ఆయనా ఇంగ్లీషులోనే జవాబిచ్చారు. ఇంకొక ఆపరేషనుకు ఆమె ‘విల్ నాట్ స్టాండ్’ అన్నారు.

నేను వెనక్కు తిరిగి, “ఇంకొక ఆపరేషన్ చేస్తే అమ్మ నిలబడలేదంట మామా” అన్నాను.

మామ కొంచెంసేపు ఆలోచించి, “నిలబడకపోతే పోనీరా. కూచోబెట్టి అన్నం పెడతాం. మనకు ఆడపడుచులు లేరా, చూసేవాళ్లు లేరా? చెయ్యమని చెప్పు” అన్నాడు.

నేను డాక్టరుగారితో, ఫరవాలేదు సార్, మేము చూసుకుంటాము అని ఇంగ్లీషులో చెప్పాను. ఆయన నా భుజంమీద చెయ్యి వేసి, తల ఊపి వెళ్లిపోయారు. పరిస్థితి గ్రహించి ధైర్యంగా ఉన్నామని ఆయన అనుకున్నారు. ఆపరేషనుకు ఏర్పాటు చేస్తారని మేమనుకున్నాము. రెండు రోజులు వరండాలో కూర్చుని ఎదురుచూశాము. కోయంబత్తూరులో ఉన్న మా అక్కకు తంతి ఇవ్వాలా అని పినతండ్రి అడిగితే, ఆపరేషను అయినాక ఇద్దాము, చంటిబిడ్డతో ఉన్నది, ఊరికే బెదరగొట్టడమెందుకు అన్నాను నేనే. రెండవ రోజు రాత్రి అమ్మ పోయింది. అక్క వచ్చేసరికి అంతా అయిపోయింది.

ఆ మాట అర్థం నాకు నాలుగు నెలల తరువాత ఒక నవలలో ఎదురైంది. స్టాండ్ అంటే తట్టుకొనుట, ఓర్చుకొనుట. అప్పుడు నేను ఇంగ్లీషు రానందుకు ఏడ్చాననుకున్నాను. చాలా ఏళ్ల తరువాత, పాఠం చెబుతూ చెబుతూ, ఒక రోజు నాకు తెలిసింది. నేను తప్పిపోయింది ఇంగ్లీషులో కాదు. “అమ్మ నిలబడలేదు” అనే బదులు “అమ్మ నిలవదు” అని ఉంటే చాలు. ఉన్నదున్నట్టు, మాటకు మాటగా, తెలుగు సరిగ్గా పలికి ఉండేది. మా మామ అక్షరం ముక్క రానివాడు. ఆ మాట వింటే అప్పుడే తంతి ఆఫీసుకు పరుగెత్తేవాడు. నిలవడమూ, నిలబడడమూ వేరని ఇంట్లో ఎవరినడిగినా చెప్పేవారు. పి.యు.సి. చదివిన నాకే అప్పుడు తోచలేదు.

ఈ సంగతి నేను అక్కకు ఎన్నడూ చెప్పలేదు. నిరుడు ఉగాదికి ఆమె మనుమడితో ఇక్కడికి వచ్చింది. పొద్దున ఫోను చేసి, “ఏమిరా తమ్ముడూ, స్టాండులో నిలుచుకొని ఉండాము, యాడుండావు నువ్వు?” అన్నది. నాకు స్టాండంటే మాట్టుతావణియే. ఆటో పట్టుకుని అక్కడికి పోయి, ఒక్కొక్క వరుసా తిరిగాను. కోయంబత్తూరు బస్సులు ఆరప్పాళయానికి గదా వచ్చేది! ఊరికి ఈ కొసన నేను, ఆ కొసన వాళ్లు. గంట తరువాత కలుసుకున్నాము. ఎనభై దాటిన మనిషి ఎండలో అరుగుమీద కూర్చుని ఉన్నది. “ఈ మేష్టరు నన్ను ఒక స్టాండుకు బదులు ఇంకొక స్టాండులో వెతికినాడు” అని మనుమడితో చెప్పి నవ్వింది.

ఆ మాట వినేసరికి నా నోట దాగలేదు. ఆ అరుగుమీదనే, బస్సుల చప్పుడులో, 1968 సంగతి మొత్తం చెప్పేశాను. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. కొంగుతో ముఖం తుడుచుకుని, “తంతి వచ్చుంటే మాత్రం యాడొచ్చేదిరా. మీ బావకు మిల్లులో రాత్రి డ్యూటీ. బిడ్డ పాలు తాగే బిడ్డ” అన్నది. నాకు కొంచెం ఊరట కలిగింది. ఆటో ఎక్కినాక, దారిలో, నా వంక చూడకుండా, “ఐనా నువ్వు నిలవదు అనుంటే వచ్చేదాన్నిరా” అన్నది.

ఈ సంవత్సరం మా మనుమరాలు ఆరవ తరగతికి వచ్చింది. బడిలో తమిళమూ ఇంగ్లీషూ చదువుతుంది, రెండూ బాగా చదువుతుంది. 2006లో తమిళం తప్పనిసరి చేసిన చట్టం వచ్చినప్పటినుంచి మన పిల్లల తెలుగు సంగతి మీకు తెలిసినదే. దానిమీద పెద్దలు కోర్టులదాకా పోయారు, నేనిక్కడ చర్చ పెట్టను. నేను చేస్తున్నది ఒకటే. ఆదివారం పొద్దున దానిని కూర్చోబెట్టి ఇంగ్లీషు మాట ఒకటి చెప్పి, ఎన్ని తెలుగు మాటలు వస్తవో చెప్పించుకుంటున్నాను. స్టాండుకు అది పదిహేడు చెప్పింది. అందులో నాలుగు మా ఇంటి ఆడవాళ్ల నోట తప్ప నేను ఏ పుస్తకంలోనూ చూసినవి కావు. రాసి పెట్టాను. వచ్చే ఆదివారం ‘రన్’ అడుగుతానని బెదిరించాను.

మా అక్క ఈ సంవత్సరమూ వచ్చింది, ముందు వరుసలో కూర్చుని ఉన్నది. సాయంకాలం ఆరు గంటల బస్సుకు తిరిగి పోవాలి. ఏ స్టాండో ఈసారి ఆమే నాకు రెండు మార్లు చెప్పింది.